క్లాసిక్ రాక్ పాటలతో ఇంగ్లిష్ పదజాలం: ఒక ఫార్మా ఉద్యోగి కేస్ స్టడీ

ఉద్యోగులకు ఇంగ్లిష్ నేర్పే వృత్తిలో ఉన్నందువల్ల, పాటలు వింటే భాష వస్తుందా అన్న ప్రశ్న నాకు తరచూ ఎదురవుతుంది. పాట వింటే పాట వస్తుంది, భాష రావాలంటే ఆ పాట మీద కొంత పని చేయాలి అన్నది నా సమాధానం. ఆ పని ఎలాంటిదో, అది ఎంతవరకు ఫలిస్తుందో, ఎక్కడ ఆగిపోతుందో ఒక అభ్యాసకుడి విషయంలో దగ్గరగా గమనించే అవకాశం కలిగింది కనుక ఆ వివరాలను ఇక్కడ నమోదు చేస్తున్నాను. ఆయనను గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

అభ్యాసకుడి నేపథ్యం

ఆయన పాశమైలారంలోని ఒక మందుల తయారీ ప్లాంటులో క్వాలిటీ అష్యూరెన్స్ విభాగంలో పనిచేస్తారు. పల్నాడులో పదో తరగతి వరకు తెలుగు మీడియంలో చదివి, తర్వాత బి.ఫార్మసీ చేశారు. రోజూ ఎస్‌ఓపీలు (పని ఎలా చేయాలో చెప్పే ప్రామాణిక విధాన పత్రాలు) చదవడం, డీవియేషన్ రిపోర్టులు (విధానం తప్పిన సంఘటనల మీద నివేదికలు) రాయడం, ఆడిట్‌కు, అంటే ప్లాంటు నాణ్యత తనిఖీకి, కావలసిన పత్రాలు సిద్ధం చేయడం ఆయన పని. రాత ఇంగ్లిష్‌లో పెద్దగా లోపం లేదు. ఆయన రాసిన రిపోర్టులు కొన్ని చూశాను. కాలాలు సరిగా ఉన్నాయి, కర్మణి ప్రయోగాలు చక్కగా కుదిరాయి. ఇబ్బంది అంతా విదేశీ క్లయింట్లతో జరిగే కాల్స్‌లో వచ్చేది. అవతలివారు మాట్లాడుతున్నంతసేపూ తల ఊపి, కాల్ ముగిశాక పక్క సీటులోని సహోద్యోగిని "ఏమన్నారు సార్?" అని అడిగి తెలుసుకునేవారు. ప్రమోషన్ వస్తే ఆడిటర్ ఎదుట నేరుగా కూర్చోవాల్సి వస్తుందన్న భయంతో ఆయన నా దగ్గరికి వచ్చారు.

మొదటి పరీక్షగా, ఒకే సంభాషణను ముందు వినిపించి, తర్వాత కాగితం మీద చదివించాను. చదివినప్పుడు దాదాపు అంతా అర్థమైంది. విన్నప్పుడు ఏవి జారిపోయాయో గుర్తు పెట్టమంటే ఆసక్తికరమైన విషయం బయటపడింది. కంటామినేషన్, వాలిడేషన్, స్పెసిఫికేషన్ వంటి బరువైన మాటలలో ఒక్కటి కూడా జారిపోలేదు. జారిపోయినవన్నీ 'రన్ అవుట్', 'ఎండ్ అప్', 'టర్న్ అవుట్', 'లుక్ ఇన్‌టు' వంటి జంటలు. విడివిడిగా చూస్తే అవన్నీ ఆరో తరగతి మాటలే.

దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది బడిలో నేర్చిన తీరు. మన పాఠ్యపుస్తకాల్లో క్రియ ఒంటరిగా, ఒకే అర్థంతో కనిపిస్తుంది. దాని పక్కన ఒక చిన్న మాట చేరగానే అర్థం మారిపోతుందన్న సంగతి ఫ్రేజల్ వెర్బ్‌ల పేరుతో చివర్లో ఒక జాబితాగా వచ్చి పోతుంది. రెండోది చెవికి సంబంధించినది. తెలుగు అజంత భాష కనుక మనం ఇంగ్లిష్ మాటలను బస్సు, రోడ్డు, బ్యాంకు అని అచ్చుతో ముగించి తెచ్చుకున్నాం. ఇంగ్లిష్ మాతృభాషగా గలవారు మాట చివరి హల్లును తీసుకెళ్లి తర్వాతి మాట మొదటి అచ్చుకు అతికిస్తారు. 'ఎండెడ్ అప్ ఎట్' అనే మూడు మాటలు వారి నోట 'ఎండిడపట్' అనే ఒకే ముక్కగా వస్తాయి. ఎక్కడ విరవాలో తెలియని చెవికి అది కొత్త పదంలా వినిపిస్తుంది.

అంటే ఆయనకు కొత్త మాటలు అంతగా అవసరం లేదు. తెలిసిన మాటలు ఏ వేషంలో వస్తాయో చెవికి తెలియాలి. పాటలను ఎంచుకోవడానికి ఈ నిర్ధారణే ఆధారమైంది.

రాక్ పాటలే ఎందుకు

ఆయన గిటార్ వాయిస్తారు. ఫార్మసీ కాలేజీ హాస్టల్‌లో ఒక సీనియర్ దగ్గర నేర్చుకున్నారట. గిటార్ పట్టిన ప్రతి కుర్రవాడూ మొదటి నెలలో వాయించే నాలుగు స్వరాల రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరవరుస, ఒకటుంది. డీప్ పర్పుల్ బృందం పాట 'స్మోక్ ఆన్ ద వాటర్' దానితోనే మొదలవుతుంది. ఆ రిఫ్‌ను ఆయన ఏళ్ల తరబడి వాయిస్తున్నారు. పాటలో ఏముందో మాత్రం ఆయనకు తెలియదు. "పొగ గురించి ఏదో ఉంటుంది సార్" అన్నారు.

అంతకుముందు ఆయన ఫోన్ యాప్‌లలో రోజుకు కొన్ని పదాల చొప్పున నేర్చుకోవడానికి ప్రయత్నించి విరమించుకున్నారు. పత్రికల ఇంగ్లిష్ కాలమ్‌లు కత్తిరించి పెట్టుకున్న ఫైలు కూడా ఉంది. వాటిలో లేనిదీ పాటలో ఉన్నదీ ఏమిటంటే, ఒకే వాక్యాన్ని వందసార్లు వినడానికి విసుగు లేకపోవడం. మియాపూర్ నుంచి ప్లాంటు దాకా కంపెనీ బస్సులో రోజూ రెండు పూటలా గడిచే సమయాన్ని వాడుకోవడానికి ఇంతకంటే తేలికైన మార్గం నాకు తోచలేదు.

పద్యంలో పెట్టి పదాలు నేర్పడం మనకు కొత్తదేమీ కాదు. అమరకోశం మొత్తం శ్లోకాల్లో ఉన్న పర్యాయపద నిఘంటువే. సంస్కృతం నేర్చుకునే తెలుగు పిల్లలు తరతరాలుగా అర్థం తెలియక ముందే దాన్ని కంఠస్థం చేసేవారు. అయితే అమరసింహుడు ఆ గ్రంథాన్ని పదాలు నేర్పడానికే కూర్చాడు. రాక్ పాటలు కట్టినవారికి అటువంటి ఉద్దేశం లేదు. అందువల్ల అమరకోశాన్ని వరుసగా వల్లె వేయవచ్చు గాని, పాటల్లో మాత్రం ఏరుకోవాలి.

పరిశోధనల వైపు నుంచి రెండు విషయాలను దృష్టిలో పెట్టుకున్నాను. 2014లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయ పరిశోధకులు ప్రచురించిన ఒక ప్రయోగంలో 60 మంది వయోజనులకు హంగేరియన్ వాక్యఖండాలు నేర్పారు. ఒక బృందం వాటిని మామూలుగా పలికింది, మరొకటి లయతో పలికింది, మూడోది పాడింది. తర్వాత పెట్టిన పరీక్షల్లో మొత్తం మీద పాడిన బృందమే మెరుగ్గా నిలిచింది. అయితే అక్కడ నేర్చుకున్న వ్యవధి 15 నిమిషాలే; ఆఫీసులో మాట అవసరమయ్యేది నెలల తర్వాత. రెండోది, సంభాషణలో వినబడే మాటల్లో 98 శాతం తెలియాలంటే ఆరేడు వేల పదకుటుంబాలు (ఒక మూలపదం, దాని నుంచి వచ్చే రూపాలు కలిపి ఒక కుటుంబం) కావాలని 2006లో పాల్ నేషన్ వేసిన అంచనా. పాటల్లో కొద్ది మాటలే మళ్లీ మళ్లీ తిరుగుతూ ఉంటాయి కనుక వాటితో అంత సంఖ్యను చేరుకోవడం సాధ్యం కాదు. పాటల వల్ల పదాల సంఖ్య పెరుగుతుందని చెప్పే ప్రకటనలను నేను నమ్మకపోవడానికి కారణం ఇదే.

పాటల ఎంపిక

ఆయన మొదట కోరింది క్వీన్ బృందం 1975లో విడుదల చేసిన 'బొహీమియన్ రాప్సొడి'. వద్దన్నాను. ఆ పాట గొప్పతనం గురించి నాకు సందేహం లేదు గాని, స్కారమూష్, ఫాండాంగో వంటి మాటలు మందుల ప్లాంటులో జీవితాంతం పనిచేసినా ఒక్కసారి కూడా అక్కరకు రావు. అందులో ఆయనకు ముందే తెలిసిన మాట ఒక్కటే, బిస్మిల్లా. లెడ్ జెపెలిన్ 1971 నాటి 'స్టెయిర్‌వే టు హెవెన్'ను కూడా అదే కారణంతో పక్కన పెట్టాం. ఎనిమిది నిమిషాల పాటలో వాక్యానికి వాక్యానికి మధ్య సంబంధం ఏమిటో అభిమానులే ఇంకా వాదించుకుంటున్నప్పుడు, సందర్భాన్ని బట్టి అర్థం ఊహించమని అభ్యాసకుడికి చెప్పడం న్యాయం కాదు.

పదజాలం నేర్పడానికి పనికొచ్చే పాటలో ఎవరో ఒకరు, ఎక్కడో ఒకచోట, ఏదో ఒకటి చేయాలి. అంటే కథ ఉండాలి. ప్రేమ పాటల్లో చాలా వాటికి ఈ గుణం లేదు. 'నేను', 'నువ్వు' తప్ప ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అన్న ఆనవాళ్లు ఉండవు. ఈ కొలతతో చూస్తే ఆయన వేళ్లకు ముందే అలవాటైన ఆ పాటే అన్నిటికంటే ముందు నిలిచింది.

'స్మోక్ ఆన్ ద వాటర్' ఒక నిజమైన అగ్నిప్రమాదం గురించిన పాట. 1971 డిసెంబర్‌లో డీప్ పర్పుల్ బృందం తమ ఆల్బమ్ రికార్డు చేసుకోవడానికి స్విట్జర్లాండ్‌లోని జెనీవా సరస్సు ఒడ్డున ఉన్న మాంత్రో పట్టణానికి వెళ్లింది. అక్కడి కసీనోలో రికార్డింగ్ జరగాలి. ముందు అదే కసీనోలో డిసెంబర్ 4న ఫ్రాంక్ జాపా బృందం కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఒకడు ఫ్లేర్ గన్ (సంకేతంగా మంటను ఎగరేసే తుపాకీ) పేల్చాడు. కప్పు అంటుకుని భవనమంతా కాలిపోయింది. మాంత్రో జాజ్ ఉత్సవ నిర్వాహకుడు క్లాడ్ నోబ్స్ లోపల చిక్కుకున్న పిల్లలను బయటికి తెచ్చాడు. పొగ సరస్సు మీద పరుచుకోవడాన్ని చూసిన బృందానికి ఆ దృశ్యమే పాట పేరయింది. రికార్డింగ్‌కు చోటు లేక చివరికి శీతకాలంలో మూసి ఉన్న గ్రాండ్ హోటల్‌లో సర్దుకున్నారు. ఆల్బమ్ 1972లో వచ్చింది. పాటలోని చరణాలు ఈ క్రమాన్నే దాదాపుగా వార్తలా చెబుతాయి.

తెలుగు లిపిలో వినికిడి

మొదటి విడతలో సాహిత్యం చూపించలేదు. పాట విని, చెవికి ఏది వినిపిస్తే అది తెలుగు లిపిలో రాయమన్నాను. ఇంగ్లిష్ లిపిలో రాయమంటే అభ్యాసకుడు తనకు తెలిసిన స్పెల్లింగుల వైపు లాగేసుకుంటాడు. తెలుగు లిపిలో రాస్తే చెవి ఎక్కడ దెబ్బతిన్నదో నాకు ఉన్నది ఉన్నట్టు కనిపిస్తుంది. మన లిపికి ఉన్న ఈ సౌకర్యాన్ని ఇంగ్లిష్ బోధనలో ఎందుకు వాడుకోరో నాకు ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఆయన రాసిన కాగితంలో గ్రాండ్ హోటల్ వాక్యం 'వియండి డప్పటద గ్రాండొటెల్' అని ఉంది. మధ్యలో 'డప్పట' అనే మాట ఏమిటని అడిగితే అది ఊరి పేరేమో అన్నారు. ఫ్లేర్ గన్ 'ఫ్లేగన్' అయింది. సమయం అయిపోతోందన్న వాక్యంలో 'రన్నింగవుట్' సరిగానే పట్టారు గాని, దాన్ని క్రికెట్ రన్ అవుట్‌గా అర్థం చేసుకున్నారు. "స్విట్జర్లాండ్ వాళ్లు క్రికెట్ ఆడతారా సార్?" అన్న ఆయన అనుమానం సహేతుకమైనదే, తెలుగువాడు ఆ రెండు మాటలను కలిపి విన్నది ఎప్పుడూ స్టేడియం నుంచే.

వీటన్నిటికంటే బోధకుడిగా నాకు పనికొచ్చింది 'మొబైల్'. మొబైల్‌తో రికార్డు చేయడానికి వచ్చామని మొదటి చరణంలో ఉంటుంది. ఆ మాట ఆయనకు స్పష్టంగా వినిపించింది, అర్థం కూడా అయింది, ఫోన్ అని. 1971లో సెల్‌ఫోన్ ఎక్కడిదన్న ఆలోచన రావడానికి కొంత సమయం పట్టింది. అది రోలింగ్ స్టోన్స్ బృందానికి చెందిన లారీ. లోపల రికార్డింగ్ యంత్రాలన్నీ అమర్చిన కదిలే స్టూడియో. తెలిసిన మాటే సందర్భానికి కుదరకపోతే ఆగి ప్రశ్నించుకోవాలన్న అలవాటు ఆయనకు ఇక్కడే మొదలైంది. తర్వాత ఒక కాల్‌లో క్లయింట్ 'మొబైల్ ఫేజ్' అన్నప్పుడు తనకు ఇదే గుర్తొచ్చిందని చెప్పారు; మందులోని పదార్థాలను వేరు చేసి చూసే హెచ్‌పీఎల్‌సీ పరీక్షలో కదిలే ద్రావణాన్ని అలా అంటారు, ఆ మాట ఆయనకు రోజూ తగిలేదే.

తప్పుగా వినడం గురించి ఆయన సిగ్గుపడకుండా ఉండడానికి ఒక సంగతి చెప్పాను. క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ బృందం 1969లో విడుదల చేసిన 'బ్యాడ్ మూన్ రైజింగ్'లో చెడు చంద్రోదయం గురించిన మాటలను ఎందరో అమెరికన్లు 'కుడివైపు బాత్‌రూమ్ ఉంది' అని విన్నారు. ఆ పాట రాసి పాడిన జాన్ ఫోగర్టీ కచేరీల్లో ఒక్కోసారి సరదాకు అలాగే పాడేవాడు కూడా.

అదే మంట, రెండు రకాల ఇంగ్లిష్

సాహిత్యం చూసి, వాక్యాలను బాణీ లేకుండా మామూలు మాటలుగా చదివాక, అసలైన అభ్యాసం ఇచ్చాను. కసీనో అగ్నిప్రమాదం మీద డీవియేషన్ రిపోర్ట్ రాయమన్నాను. ఆయన నవ్వారు గాని, మరుసటి వారం నిజంగానే ప్లాంటు ఫార్మాట్‌లో రాసి తెచ్చారు. సంఘటన వివరణ, తక్షణ చర్య, రూట్ కాజ్ (మూల కారణం), ప్రభావం, చివరికి కాపా (దిద్దుబాటు, నివారణ చర్యలు) కింద 'ప్రేక్షకులను లోపలికి అనుమతించే ముందు తనిఖీ' అని కూడా చేర్చారు. రూట్ కాజ్ గడిలో 'అనధికార పరికరం వినియోగం' అన్న అర్థంలో గంభీరమైన ఇంగ్లిష్ ఉంది. భవనం అగ్ని వల్ల ధ్వంసమైనదనీ, ప్రత్యామ్నాయ ప్రాంగణం గుర్తించబడినదనీ కర్మణి ప్రయోగాలతో నింపారు. ఒక్క తప్పు లేదు.

తర్వాత అదే సంఘటనను క్యాంటీన్‌లో టీ తాగుతూ పక్కవాడికి చెప్పినట్టు ఇంగ్లిష్‌లో చెప్పమన్నాను. ఆయన మౌనంగా ఉండిపోయారు. రిపోర్టులోని వాక్యాలే మళ్లీ వచ్చాయి.

ఆయన ఇబ్బంది మొత్తం ఆ మౌనంలో ఉంది. పుస్తకాల నుంచి వచ్చిన లాటిన్ మూలాల మాటలు ఆయనకు పుష్కలంగా తెలుసు. చిన్న క్రియలతో నడిచే నోటి ఇంగ్లిష్ తెలియదు. ఆడిటర్ రాసేటప్పుడు మొదటి రకం రాస్తాడు, మాట్లాడేటప్పుడు రెండో రకం మాట్లాడతాడు. పాట ఆయనకు ఇచ్చినది రెండో రకం. 'ధ్వంసమైనది' అన్నచోట పాటలో 'బర్న్డ్ ద ప్లేస్ టు ద గ్రౌండ్' ఉంది, అంటే ఆ చోటును కాల్చి నేలమట్టం చేయడం. 'ప్రత్యామ్నాయ ప్రాంగణం గుర్తించబడినది' అన్నచోట 'ఎండెడ్ అప్ ఎట్' ఉంది, అంటే అటు తిరిగి ఇటు తిరిగి చివరికి అక్కడ తేలాం అని.

అప్పటి నుంచి ఆయన జేబులో పెట్టుకునే చిన్న నోట్‌బుక్‌లో ప్రతి పేజీని రెండుగా విభజించాం. ఎడమవైపు పాటలో విన్న జంట, కుడివైపు ఆ జంటతో తన ప్లాంటుకు సంబంధించిన వాక్యం. కుడివైపు వాక్యాన్ని అదే వారంలో ఆఫీసులో ఎవరితోనైనా నిజంగా వాడాలి; వాడే వరకు దాని పక్కన టిక్ పెట్టకూడదు. మొదటి టిక్ 'రన్ అవుట్'కు పడింది. స్టోర్స్‌కు ఫోన్ చేసి గ్లవ్స్ అయిపోతున్నాయని చెప్పడానికి వాడారట. స్టోర్స్ ఇన్‌చార్జి కూడా తెలుగువారే, "ఏంటి బాబూ, ఇంగ్లిష్‌లో దిగావ్?" అన్నారని సంతోషంగానే చెప్పారు.

పాట వదిలి మాట బయటికి రావడం

రెండో నెలకు వచ్చేసరికి ఈ పద్ధతిలో అసలైన చిక్కు కనిపించింది. నోట్‌బుక్‌లోని జంటలు ఆయనకు గుర్తున్నాయి గాని, అడిగిన వెంటనే రావడం లేదు. ఏడు ఎనిమిదులు ఎంత అంటే ఏడో ఎక్కాన్ని మొదటి నుంచి గొణుక్కుంటూ వచ్చే పిల్లవాడిలా, చరణం మొదలు నుంచి మనసులో పాడుకుంటే తప్ప కావలసిన మాట దొరికేది కాదు. కాల్‌లో అంత వ్యవధి ఎవరూ ఇవ్వరు. బాణీ మాటను గట్టిగా పట్టి ఉంచుతుంది. ఆ పట్టు వల్లే మాట ఒంటరిగా బయటికి రాదు. పాటలతో భాష నేర్పేవారు మొదటి గుణాన్ని మాత్రమే చెప్పి రెండోదాన్ని చెప్పకపోవడం నాకు నచ్చదు.

దీనికి వాడిన మార్గాల్లో ఒకటి చాలా బాగా పనిచేసింది. పాటలోని సంఘటన గురించి ఆ బృంద సభ్యులే అనేక ఇంటర్వ్యూలలో మాట్లాడి ఉన్నారు. అదే కసీనో, అదే మంట, అదే హోటల్; కాని బాణీ లేదు, తాళం లేదు, మధ్యలో నవ్వులు, తడబాట్లు, సగంలో ఆపేసిన వాక్యాలు ఉన్నాయి. కథ ముందే తెలుసు కనుక అభ్యాసకుడి ధ్యాసంతా మాటల మీదే ఉంటుంది. పాటలో విన్న జంటలు మామూలు మాటల్లో, మామూలు వేగంతో వినబడినప్పుడు ఆయన ముఖంలో వచ్చే మార్పు నేను గమనించాను. 'ఎండ్ అప్' ఎక్కడ వచ్చిందో వేలు ఎత్తి చూపమంటే, మొదటి ఇంటర్వ్యూలో సగం వదిలేశారు, తర్వాతి వాటిలో నా కంటే ముందే ఎత్తారు. పాట నుంచి కాల్‌కు నేరుగా వెళ్లడం కంటే మధ్యలో ఈ ఇంటర్వ్యూను పెట్టడం తప్పనిసరి అని ఇప్పుడు నా అభిప్రాయం.

మిగిలినవి మామూలు ఉపాయాలే. చరణాన్ని చివరి వాక్యం నుంచి వెనక్కి చెప్పించడం, తెలుగులో సందర్భం చెప్పి జంటను అడగడం, ఒక రోజు, మూడు రోజులు, వారం ఎడంతో పాత పేజీలు తిరగేయించడం.

వ్యాకరణం దగ్గర జాగ్రత్త

పింక్ ఫ్లాయిడ్ 1979లో విడుదల చేసిన 'అనదర్ బ్రిక్ ఇన్ ద వాల్' రెండో భాగాన్ని ఆయన సొంతంగా తెచ్చుకున్నారు. లండన్‌లోని ఇజ్లింగ్టన్ గ్రీన్ పాఠశాల పిల్లలు బృందగానం చేసిన ఆ పాట పల్లవిలో చదువు వద్దనే మాటను 'డోంట్', 'నో' అనే రెండు నిషేధాలతో అంటారు. తెలుగులో రెండు నిషేధాలు కలిస్తే అర్థం తిరిగి అవునవుతుంది; 'ఇబ్బంది లేకపోలేదు' అంటే ఇబ్బంది ఉన్నట్టే. ఆ లెక్కన పిల్లలు చదువు కావాలని పాడుతున్నారని ఆయన అనుకున్నారు. వాడుక ఇంగ్లిష్‌లో రెండో నిషేధం మొదటిదాన్ని గట్టి చేస్తుందే తప్ప కొట్టివేయదు. రోలింగ్ స్టోన్స్ 1965 నాటి 'సాటిస్‌ఫాక్షన్' పూర్తి పేరులోనూ ఇదే నిర్మాణం ఉంది.

వివరణ అర్థమైంది గాని, ప్రభావం వేరుగా వచ్చింది. కొద్ది రోజులకే ఒక అంతర్గత సమావేశంలో తన దగ్గర అప్‌డేట్ ఏదీ లేదని చెప్పడానికి ఆయన నోటి నుంచి రెండు నిషేధాల వాక్యం వచ్చింది. మేనేజర్ ఏమీ అనలేదు గాని పక్కవారు నవ్వారట. అందుచేత నోట్‌బుక్‌లో ఎర్ర సిరా ఒకటి ప్రవేశపెట్టాం. 'ఎయింట్', 'గొన్నా', రెండు నిషేధాలు వంటివి ఎర్ర సిరాతో రాయాలి. అవి వినడానికే, అనడానికి కాదు. ఈ విభజన లేకుండా రాక్ పాటలను ఉద్యోగి చేతిలో పెట్టకూడదు.

మరో రెండు పాటలు

తర్వాత తీసుకున్న వాటిలో ఎక్కువ ఫలితం ఇచ్చింది క్యాట్ స్టీవెన్స్ 1970లో పాడిన 'ఫాదర్ అండ్ సన్'. తండ్రి సలహా ఇస్తాడు, కొడుకు వెళ్లిపోవాలంటాడు; ఇద్దరి మాటలనూ ఒకే గాయకుడు కింది స్థాయిలో ఒకసారి, పై స్థాయిలో ఒకసారి పాడతాడు. వేగం తక్కువ, మాటలు రోజూ ఇంట్లో అనుకునేవే. 'టేక్ ఇట్ ఈజీ' మనకు తెలుగే అయిపోయింది. 'సెటిల్ డౌన్' దగ్గర మాత్రం ఆగాల్సి వచ్చింది. మన వాడుకలో 'అబ్బాయి సెటిలయ్యాడు' అంటే మంచి ఉద్యోగం, వీలైతే అమెరికా. పాటలో తండ్రి చెబుతున్నది పెళ్లి చేసుకుని ఒకచోట కుదురుకోమని. ఆయన ఈ పాటను ఎంతగా ఇష్టపడ్డారంటే, పల్నాడులో ఉన్న తన తండ్రితో జరిగే ఫోన్ సంభాషణలను ఆ రెండు గొంతుల్లో ఇంగ్లిష్‌లో రాసి తెచ్చారు. పొలం అమ్మి హైదరాబాద్‌లో ఫ్లాట్ కొనాలా వద్దా అన్న వాదన అది. అప్పటివరకు ఆయన రాసిన ఇంగ్లిష్‌లో కర్మణి ప్రయోగం ఒక్కటి కూడా లేని మొదటి పేజీ అదే.

పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి 'టైమ్' అంతగా కలిసి రాలేదు. గడియారాల మోత, వాద్యాలు పోగా మాటలు మొదలయ్యేసరికి రెండు నిమిషాలు దాటుతుంది, బస్సులో ఆయన నిద్రపోయేవారు. అయినా కాలాన్ని చిల్లరగా పారబోసుకోవడాన్ని చెప్పే 'ఫ్రిటర్' అనే మాట ఒకటి దాని నుంచి దక్కింది, అది ఇప్పటికీ ఆయన వాడుతున్నారు.

ఇప్పటి స్థితి

వేసవిలో మొదలుపెట్టిన పని దసరా దాటాక ఒక కొలిక్కి వచ్చింది. మొదటి రోజు వాడిన సంభాషణ వంటిదే మరొకటి వినిపిస్తే, జారిపోయిన జంటలు కొన్ని మాత్రమే మిగిలాయి. అంతకంటే ముఖ్యంగా, జారిపోయినప్పుడు తల ఊపడం మానేసి, మళ్లీ చెప్పమని అడగడం మొదలైంది. కాల్స్ తర్వాత సహోద్యోగిని అడగడం పూర్తిగా పోలేదు గాని, 'ఏమన్నారు' అన్న ప్రశ్న 'మూడో పాయింట్‌లో ఏమన్నారు' అన్న ప్రశ్నగా మారింది.

మారనివి కూడా ఉన్నాయి. ఉచ్చారణలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. పాడేటప్పుడు చక్కగా అతికే హల్లులు మాట్లాడేటప్పుడు మళ్లీ అచ్చును తగిలించుకుంటున్నాయి. ఐర్లండ్ నుంచి మాట్లాడే ఒక క్లయింట్ యాస ఆయనకు ఇంకా కొరకరాని కొయ్యే. సాంకేతిక పదజాలం విషయంలో పాటల పాత్ర శూన్యం, అది ముందే ఊహించినదే. గిటార్ వాయించే అలవాటు లేని మనిషికి ఇదే ఫలితం వచ్చేదా అన్న ప్రశ్నకు ఈ ఒక్క కేసు సమాధానం ఇవ్వలేదు. ఆయన సహోద్యోగి ఒకరు ఇదే నోట్‌బుక్ పద్ధతిని వేరే మార్గంలో, క్రికెట్ కామెంటరీతో ప్రయత్నిస్తున్నారు. అక్కడ కథ ఉంది, సంఘటన ఉంది, చిన్న క్రియలు కూడా దండిగా ఉన్నాయి. ఒకే వాక్యాన్ని మళ్లీ మళ్లీ వినాలన్న కోరిక మాత్రం పాటతో సమానంగా ఉండడం లేదని ఇప్పటివరకు నా గమనింపు.

గడువు దగ్గర పడిన అభ్యాసకులకు ఈ పద్ధతిని నేను వాడను. విదేశాలకు వెళ్లడానికి ఓఈటీ (వైద్యరంగంలో పనిచేసేవారి ఇంగ్లిష్ పరీక్ష) రాసే నర్సులు నా దగ్గరకు వస్తుంటారు. వారి పరీక్షలో వినాల్సింది రోగితో సంప్రదింపులు, వైద్యుల ప్రసంగాలు కనుక మొదటి రోజు నుంచీ వాటినే వినిపిస్తాను. పాటల దారి చుట్టు తిరుగుడు దారి. ఉద్యోగంలో ఉండి, కాలం చేతిలో ఉండి, పాట మీద ముందే ఇష్టం ఉన్నవారు అడిగితే మాత్రం, వారి ఇష్టమైన పాటల జాబితా తెమ్మని చెప్పి, అందులో కథ ఉన్న పాట ఏదో చూసి అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.